మహారాజశ్రీ స్క్వాష్ రాకెట్ గారికి

మహారాజశ్రీ స్క్వాష్ రాకెట్ గారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. తమరు కూడా షాపు గోడ మీద, షటిల్ బ్యాట్ల వరస అయిపోయాక, క్యారమ్ బోర్డుల పక్కన క్షేమంగా వేలాడుతున్నారని తలుస్తాను.

తమరి ఫ్రేమ్ మీద మెరిసే అక్షరాలతో మూడు మాటలున్నాయి. పవర్, కంట్రోల్, ఫీల్. పక్కన వేలాడే మీ తమ్ముడుగారి మీదా అవే మూడు. ఆయన ధర తమరి ధరలో సగం. మరి తమరి దగ్గర అదనంగా ఏముందని అడిగితే షాపు కుర్రాడు "అన్నా, ఇది ప్రో మోడల్" అన్నాడు. అతన్ని తప్పు పట్టను. సైనా, సింధు పుణ్యమా అని ఈ ఊళ్లో ఆరో క్లాసు పిల్లాడు కూడా షటిల్ బ్యాట్ గురించి అరగంట మాట్లాడతాడు. నాలుగు గోడల మధ్య బంతిని గోడకేసి కొట్టే ఆట తమరిది, దాని గురించి మాట్లాడాలంటే సికింద్రాబాద్ వైపు పాత క్లబ్బుల్లో ఏ రిటైర్డ్ కల్నల్ గారినో పట్టుకోవాలి.

ముందు బరువు సంగతి. కవర్ మీద 120 గ్రాములని ఉంది. చేతికొచ్చేసరికి 150 దాకా తూగుతారు. ఎందుకంటే ఆ 120 ఉత్త ఫ్రేమ్ బరువు. గట్ అనే తీగలు, పిడికి చుట్టే గ్రిప్, తల చుట్టూ ఉండే బంపర్ అందులో కలపరట. కోకాపేటలో ఫ్లాట్ కొన్నవాళ్లకి ఇలాంటి లెక్కలు కొత్త కాదు. కాకపోతే అక్కడ సూపర్ బిల్టప్ అని ఎక్కువ చేసి చెబుతారు, తమరు తక్కువ చేసి చెబుతారు. రూల్ ప్రకారం తమరు 255 గ్రాముల దాకా ఉండొచ్చు. అంత ఒళ్లు ఈ రోజుల్లో మీలో ఎవరికీ లేదు. పొడవు దగ్గర మాత్రం అంతా 686 మిల్లీమీటర్ల హద్దుని ఆనుకునే ఉంటారు.

తేలికైతే మంచిదని అందరి నమ్మకం. వాలీకి, అంటే బంతి నేల తాకకముందే కొట్టడానికి, చటుక్కున పైకి లేస్తారు, నిజమే. కానీ బంతి వెనక గోడ దాకా పోవాలంటే ఆ వేగమంతా మా భుజమే ఇవ్వాలి. కాస్త బరువున్న రాకెట్ అయితే కొంత పని అదే చేసిపెడుతుంది. పైగా పగలంతా మౌస్ పట్టుకున్న చేతికి తేలికైన, బిర్రుగా ఉన్న ఫ్రేమ్ ఇస్తే ప్రతి దెబ్బ అదురూ మోచేతికే చేరుతుంది. ఆ మాట మెరిసే అక్షరాల్లో ఎక్కడా లేదు.

తమరి స్వభావం తెలియాలంటే నడిమధ్యన, అంటే పిడి చివర నుంచి 343 మిల్లీమీటర్ల దగ్గర, వేలి మీద పెట్టి చూస్తే చాలు. తల వైపు వాలితే హెడ్ హెవీ, ఊపుకి బరువు తోడవుతుంది. పిడి వైపు వాలితే చేతిలో చురుగ్గా తిరుగుతుంది. బాగానే ఉంది. కానీ మా ఏప్రిల్ చెమటకి ఒక గ్రిప్ ఆగదు. దాని మీద ఇంకోటి, దాని మీద టవల్ గ్రిప్ చుడతాం. ఆ బరువంతా పిడికే. హెడ్ హెవీ అని డబ్బు పోసి కొన్న తమరు వారం తిరక్కుండా ఎటూ వాలని ఈవెన్ బ్యాలెన్స్ అయిపోతారు. ఫీల్ మారిందని మళ్లీ తమరినే తిడతాం.

అసలు తగాదా ఇప్పుడు చెబుతాను. కన్నీటి చుక్క ఆకారంలో ఉండే టియర్‌డ్రాప్ రాకెట్‌లో నిలువు తీగలు తలకీ పిడికీ మధ్యనుండే గొంతు కిందిదాకా దిగుతాయి. పొడవెక్కువ కాబట్టి ఎక్కువ సాగి బంతిని విసురుగా తోస్తాయి. అది పవర్. గొంతు దగ్గర అడ్డంగా బ్రిడ్జి ఉంటే తీగలు పొట్టివి, బంతి చెప్పిన మాట వింటుంది. అది కంట్రోల్. గట్ వదులైతే పవర్, బిగిస్తే కంట్రోల్. ఒకటి పెరిగితే రెండోది ఎంతో కొంత తగ్గక తప్పదు కదా, మరి రెండూ నిండుగా ఇస్తానని ఒంటి మీద ఎలా రాయించుకున్నారు? ఫీల్ సంగతి వేరు. దాన్ని ఎవరూ కొలవలేరు కాబట్టి కన్జ్యూమర్ కోర్టు భయం లేదు.

గట్టింగ్ అన్న దగ్గరికి తీసుకెళ్తే ఇంకో కథ. షటిల్ కుర్రాళ్లు బిగింపు 28, 30 పౌండ్లని చెప్పీ చెప్పీ అతని చెయ్యి అక్కడే స్థిరపడింది. తమరికి 25 పౌండ్లు చాలంటే "ఇంత లూజా అన్నా?" అని జాలిపడ్డాడు. ఒకచోట షటిల్ గట్టే వేయబోయారు. దాని మందం సుమారు 0.7 మిల్లీమీటర్లే, తమరికి కావాల్సింది 1.1 నుంచి 1.3. వారానికి ఎన్నిసార్లు ఆడితే ఏడాదికి అన్నిసార్లు గట్ మార్చాలని ఆటగాళ్ల లెక్క. ఇక్కడ తెగేదాకా మార్చరు. తెగకపోతే, అమ్మేటప్పుడు "కంపెనీ గట్టే ఉంది" అని గొప్పగా చెబుతారు.

మా గేటెడ్ కమ్యూనిటీ క్లబ్ హౌస్‌లోనూ స్క్వాష్ కోర్టు ఉంది. 9.75 మీటర్ల పొడవు, 6.4 వెడల్పు. వినాయక చవితి పందిరి సామాను, పిల్లల పాత సైకిళ్లు పెట్టాక కూడా చోటు మిగిలేది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో స్క్వాష్ ఉంటుందని 2023 అక్టోబర్‌లో ముంబైలో తేల్చాక సైకిళ్లు బయటికొచ్చాయి. ఇప్పుడు అక్కడికి సాఫ్ట్‌వేర్ అంకుల్ ఒకరు తమరిని భుజాన వేసుకుని వస్తారు. ఏసీ 20లో పెట్టి, రెండు పసుపు చుక్కల బంతి తీసి కొడతారు. అది కింద పడి అక్కడే ఉండిపోతుంది. వేడెక్కితేనే లేచే బంతి అది, వేడెక్కేలా కొట్టగలిగేవాళ్ల కోసం చేసింది. నేర్చుకునేవాళ్లకి నీలం చుక్క, ఎర్ర చుక్క బంతులున్నాయి. ఆయన మాత్రం "రాకెట్‌లో పవర్ లేదు" అని తీర్పు చెప్పి, జీతం పడగానే ఇంకా ఖరీదైనది ఆర్డర్ పెడతారు. ఈ ఒక్క విషయంలో తమరికి నా సానుభూతి. బంతి చేసిన పాపం తమరి నెత్తిన పడుతోంది.

అయితే చాంపియన్ల పుణ్యం కూడా తమరి ఖాతాలోకే పోతోంది లెండి. ఆస్ట్రేలియా ఆటగాడు జెఫ్ హంట్ 1976లో మొట్టమొదటి వరల్డ్ ఓపెన్ గెలిచింది చెక్క రాకెట్‌తో. ముందు గోడ అడుగున, బంతి తగిలితే పాయింటు పోయే 48 సెంటీమీటర్ల రేకుకి, అదే టిన్‌కి, రెండు వేళ్ల పైన డ్రాప్, అంటే మెల్లగా వేసే దెబ్బ, తగిలించడం ఏ కార్బన్ ఫ్రేమూ నేర్పదు.

కాబట్టి నా మనవి. ఆ మూడు మాటలూ చెరిపించుకోండి. గట్, గ్రిప్ కలుపుకుని మొత్తం బరువెంతో, బ్యాలెన్స్ ఎన్ని మిల్లీమీటర్ల దగ్గరో, ఎన్ని పౌండ్ల మధ్య గట్ వేయాలో పెద్ద అక్షరాల్లో రాయించుకోండి. అడుగున చిన్న అక్షరాల్లో ఇంకొక్క ముక్క: "కొట్టిన ప్రతిసారీ కోర్టు మధ్యలో గీతలు కలిసే 'T' దగ్గరికి తిరిగి రావడం కొన్నవారి బాధ్యత."

జవాబు అక్కర్లేదు. ఈ ఆదివారం కొత్త గట్ వేయిస్తున్నాను, 25 పౌండ్లు. అన్న మళ్లీ 30 అంటే మాత్రం తమరే మాట్లాడుకోండి.

ఇట్లు,
టిన్‌కి బాగా తెలిసినవాడు,
మణికొండ