చెట్టు మొదట్లో ఉప్పు పోస్తే జింక కొమ్ములు పెరగవు

‘చెట్టు మొదట్లో ఓ బస్తా ఉప్పు పోయండి, పక్కన నీళ్లుంటే మరీ మంచిది, ఏడాదిలో జింకల కొమ్ములు రెట్టింపవుతాయి’ అన్న సలహా ఫోన్లలో తెగ తిరుగుతోంది. ఇందులో ఒక్క ముక్కే నిజం: ఉప్పుకు జింకలు వస్తాయి.

రాలి మళ్లీ మొలిచే కొమ్ము ఎముకే. అందులో కాల్షియం, ఫాస్ఫరస్ దాదాపు 2:1 పాళ్లలో ఉంటాయి. ఉప్పులో ఈ రెండూ లేవు. కొమ్ము పెరిగే రోజుల్లో మేత చాలక జింక తన పక్కటెముకల్లోంచి కూడా ఖనిజాలు తోడుకుంటుంది. చివరికి కొమ్ము ఎంతవుతుందో తేల్చేవి వయసు, మేత, వంశం. ఉప్పు కోసం ఎగబడటానికి కారణం వేరు: లేత పచ్చిమేతలో నీరు, పొటాషియం ఎక్కువ, సోడియం బాగా తక్కువ.

అలాగని కాల్షియం, ఫాస్ఫరస్ రెండూ ఉన్న డైకాల్షియం ఫాస్ఫేట్ పొడిని ఒట్టిగా పెడితే జింకలు పెద్దగా ముట్టవు. అది 1 వంతు, సూక్ష్మ ఖనిజాలు కలిపిన పశువుల ఉప్పు 2 వంతులు, మామూలు కల్లుప్పు 1 వంతు కలపాలి. పశువులు నాకడానికి పెట్టే ఇటుకల్లో యూరియా ఉన్నవి మాత్రం వద్దు. వానకు కరిగిన యూరియా గుంటలో నిలిస్తే, ఆ నీళ్లు తాగిన జంతువు అమ్మోనియా విషంతో చచ్చిపోవచ్చు. గొర్రెలు మేసే చోట రాగి ఉన్న మిశ్రమమూ పెట్టకూడదు, వాటి కాలేయం తట్టుకోదు.

ఇక చెట్టు మొదలు. ఉప్పు వేళ్లను ఎండబెడుతుంది, ఉప్పు మట్టి కోసం జింకలు తవ్వి మిగిలిన వేళ్లనూ బయటపెడతాయి. నీటి పక్కన పోసింది మొదటి వానకే కుంట పాలు. రోడ్డుకు, నీటికి దూరంగా, వాన నీరు పారని బంకమట్టి నేల చూసి, 60 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, 10 కిలోల మిశ్రమాన్ని తవ్విన మట్టితో కలిపి నింపండి. ఇసుక నేలలో ఉప్పు నిలవదు.

ఆ సలహాలో అసలు ప్రస్తావనే లేనిది, అన్నిటికన్నా ముఖ్యమైనది జబ్బు. ఎన్నో మూతులు ఒకే మట్టిని నాకుతాయి. జింకల మెదడును దెబ్బతీసి, చిక్కి శల్యమయ్యేలా చేసి చంపే జబ్బు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. దాన్ని కలిగించే ప్రియాన్లు (రూపం చెడిన ప్రోటీన్లు) లాలాజలం, మూత్రం, పేడల ద్వారా నేలలో చేరి ఏళ్ల తరబడి ఉంటాయి. పైగా ఉప్పును పట్టి ఉంచే బంకమట్టే వాటినీ పట్టి ఉంచుతుంది. 2016లో నార్వే అడవి రెయిన్‌డీర్లలో (మంచు ప్రాంతపు జింకల్లో) ఈ జబ్బు బయటపడ్డాక, గొర్రెలు నాకడానికి ఉప్పు పెట్టిన చోట్ల మీదా అనుమానం పడింది. జబ్బున్న ప్రాంతంలో ఇలాంటి గుంట ఎంత జాగ్రత్తగా కట్టినా తప్పే. చాలాచోట్ల నిషేధం కూడా ఉంది, తవ్వే ముందే అటవీ అధికారులను అడగాలి.

ఉన్న గుంటను మూసేయాలంటే ఉప్పు వేయడం మానేస్తే సరిపోదు. ఉప్పు ఇంకిన మట్టి ఏళ్లపాటు జింకలను రప్పిస్తూనే ఉంటుంది కాబట్టి చుట్టూ ఎత్తైన కంచె వేయాలి.