మార్కులు పైకి చదవడం ఆపండి

పరీక్ష పేపర్లు పంచే రోజు మన తరగతి గదుల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ముందు ఎక్కువ మార్కులు వచ్చినవారి పేర్లు, చప్పట్లు. చివరి నాలుగైదు పేర్లు వచ్చేసరికి టీచరు గొంతు మారుతుంది, తరగతి మొత్తం వెనక బెంచీ వైపు తిరుగుతుంది. తల వంచుకుని వచ్చి కాగితం అందుకున్న పిల్లవాడికి ఆ రోజు ఇక ఏ పాఠమూ ఎక్కదు.

నేను ప్రకాశం జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. సామాజిక, భావోద్వేగ అభ్యసనం అనే మాట ఇప్పుడు ప్రతి శిక్షణ తరగతిలోనూ వింటున్నాం. 2020 జాతీయ విద్యా విధానంలోనూ ఉంది. కోపాన్ని గుర్తించడం, తోటివారి బాధ అర్థం చేసుకోవడం, గొడవ పడితే మళ్లీ కలవడం పిల్లలకు నేర్పాలంటారు. నేర్పాలి, నాకు ఇందులో రెండో మాట లేదు. కానీ వారానికి ఒక పీరియడ్ దీనికి కేటాయించి, మిగిలిన వారమంతా పిల్లల్ని పదిమందిలో చిన్నబుచ్చుతుంటే ఆ ఒక్క పీరియడ్ ఏం చేయగలదు?

మా తరగతుల్లో ఎవరు కూర్చుంటారో చూడండి. వానలు లేని మెట్ట ఊళ్ల నుంచి తల్లిదండ్రులు హైదరాబాదుకో బెంగళూరుకో కట్టడాల పనులకు వెళితే, ఇక్కడ అవ్వ దగ్గర పెరిగే పిల్లలున్నారు. మొదటి పీరియడ్‌లో కునికే పిల్లవాణ్ణి లేపి నిలబెట్టడానికి అర నిమిషం చాలు. విరామంలో పక్కకు పిలిచి "రాత్రి నిద్రపోలేదా నాన్నా?" అని అడిగితే ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాల్లో అవ్వకు జ్వరమని, పొయ్యి వెలిగించింది తనేనని, అమ్మతో ఫోనులో మాట్లాడి చాలా రోజులైందని బయటపడుతుంది. ఏ చార్టూ ఇది చెప్పదు.

ప్రైవేటు బడుల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. ఉదయగిరి వైపు నుంచి నెల్లూరు హాస్టళ్లకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులు అప్పు చేసి ఫీజు కడతారు. కొన్ని చోట్ల మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారు. అంటే పన్నెండేళ్ల పిల్ల ఒక్క పరీక్షతో పక్కన కూర్చునే స్నేహితురాలిని కూడా పోగొట్టుకుంటుంది. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు ఇదే ఆపమన్నాయి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం మానాలని, వంద మంది, అంతకు మించి చదివే సంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని చెప్పాయి. అంతకు చాలా ముందే, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. దెబ్బలు కొంత తగ్గాయి. మాటలు తగ్గలేదు.

"కాస్త సిగ్గుపడితేనే చదువుతారు మేడమ్" అని తోటి ఉపాధ్యాయులు అంటారు. సిగ్గుపడ్డ పిల్లలు చేయి ఎత్తడం మానేస్తారు, పేపర్లిచ్చే రోజు కడుపునొప్పి అంటారు. ఇది మనందరం చూస్తున్నదే. 2011లో అమెరికా పరిశోధకులు సామాజిక, భావోద్వేగ అభ్యసనం నేర్పే 213 బడి కార్యక్రమాలను, అంటే దాదాపు 2.7 లక్షల మంది విద్యార్థులను పరిశీలించారు. వాటిలో పాల్గొన్నవారు చదువులోనూ 11 పర్సంటైల్ పాయింట్లు, అంటే వందమంది వరుసలో దాదాపు 11 స్థానాలు, మెరుగయ్యారు. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది మరొకటి. చదువులో చెప్పుకోదగ్గ మార్పు బడిలోని సిబ్బందే ఆ పని చేసినప్పుడు వచ్చింది, బయటివారు వచ్చి చేసినప్పుడు కాదు. కౌన్సెలర్ కావాలి, తప్పకుండా కావాలి. అయినా పిల్లలతో రోజంతా ఉండేది మనమే.

దీనికి సమయం ఎక్కడుందని అడిగేవారి కష్టం నాకు తెలుసు. యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఫొటోలు, ఇవన్నీ పాఠం చెప్పే సమయాన్నే తింటున్నాయి. ఆ భారం తగ్గించమని సంఘాలు గట్టిగా అడగాలి. కానీ పేపరు మడిచి, మార్కులు లోపలికి పెట్టి, ఎవరిది వారి చేతికి ఇవ్వడానికి అదనపు సమయం అక్కర్లేదు. తప్పు ఎక్కడ జరిగిందో దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పడానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు.

2025 మెగా డీఎస్సీతో కొత్త ఉపాధ్యాయులు చాలామంది బడుల్లోకి వచ్చారు. పేపర్లు ఎలా పంచాలో వారికి ఎవరూ శిక్షణ ఇవ్వరు, పక్క తరగతిలో మనం పంచుతుంటే చూసి నేర్చుకుంటారు. ప్రధానోపాధ్యాయులారా, వచ్చే పరీక్షకు ముందే స్టాఫ్ రూములో ఈ ఒక్క విషయం తేల్చండి.