తప్పు మాది కాదు, వాతావరణానిది

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంత నీరు రావడం అదే. మర్నాడు అక్కడికి వెళ్లిన అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు, క్లౌడ్ బరస్ట్ వెనక విదేశాల కుట్ర ఉందంటున్నారని, లేహ్‌లో, ఉత్తరాఖండ్‌లో ముందే ఇలా చేశారంటున్నారని, ఎంతవరకు నిజమో తెలియదని అన్నారు. ఆ రోజుల్లోనే ఆయన మంత్రి పువ్వాడ అజయ్‌కుమార్ నేరాన్ని పోలవరం మీద మోపి, ఆంధ్రలో కలిపిన ఐదు గ్రామాలను తిరిగి ఇచ్చేయమన్నారు. అవతలి మంత్రులు అంతే గట్టిగా బదులిచ్చారు. ఇటు కాళేశ్వరంలో కన్నేపల్లి, అన్నారం పంపుహౌస్‌లు నీట మునిగాయి. కనీవినీ ఎరుగని వరద అని ప్రభుత్వం, డిజైన్ లోపమని ప్రతిపక్షాలు. నది ఒకటే, వరదా ఒకటే. కారణం మాత్రం ఎవరికి కావలసింది వాళ్లకు దొరికింది.

క్లౌడ్ బరస్ట్ అంటే ఏమిటో వాతావరణ శాఖ ఎప్పుడో చెప్పింది: ఇరవై ముప్పై చదరపు కిలోమీటర్ల చిన్న ప్రాంతంలో గంటకు 10 సెంటీమీటర్లకు తగ్గని వాన. 2022లో జరిగింది అది కానే కాదు. ఆదిలాబాద్ మొదలు ప్రాణహిత, ఇంద్రావతి పరీవాహకాల దాకా రోజుల తరబడి కురిసిన వాన అంతా ఒకేసారి నదిలోకి దిగింది. పైగా మబ్బుల్లో మందు చల్లి వాన కురిపించడం ఎంత తేలికో మనకు తెలియనిది కాదు. 2000ల దశకంలో మేఘమథనం పేరుతో రాయలసీమ మీద విమానాలు తిరిగాయి. మన డబ్బుతో మన ఆకాశంలో మనం కోరి చేస్తేనే ఎంత వాన అదనంగా పడిందో తేలలేదు. అలాంటిది ఎక్కడో కూర్చున్నవాడు గోదావరికి 71 అడుగులు తెప్పిస్తాడా?

వాతావరణ మార్పు మీద వాదం అనగానే అమెరికా గుర్తొస్తుంది. అక్కడ జేమ్స్ ఇన్హోఫ్ అనే సెనేటర్ 2015 ఫిబ్రవరిలో మంచు ముద్ద పట్టుకుని సభలోకి వచ్చి, బయట ఇంత చలిగా ఉంటే భూమి వేడెక్కుతోందంటారేమిటి అని ఎద్దేవా చేశాడు. చమురు కంపెనీలు దశాబ్దాల తరబడి డబ్బు పోసి పెంచిన అనుమానం అది. ఎక్సాన్ సొంత శాస్త్రవేత్తలు 1970ల చివర్లోనే వేసిన అంచనాలు తర్వాత చాలావరకు నిజమయ్యాయని 2023లో సైన్స్ పత్రిక ప్రచురించిన పరిశోధన తేల్చింది. ఇంట్లో ఒక లెక్క, వీధిలో ఒక మాట.

మన దగ్గర ఆ రకం వాదానికి గిరాకీ తక్కువ. ఎండలు పెరగలేదని, వానలు గతి తప్పలేదని మన రైతుతో వాదించి నెగ్గే మొనగాడు ఎవడు? ఇక్కడి తగాదా వేరు. వాతావరణం మారిందని అందరూ ఒప్పుకుంటారు, అదీ చాలా తొందరగా ఒప్పుకుంటారు. ఆ తొందర మీదే నా అనుమానం. కాలువ పూడిక ఎందుకు తీయలేదని అడిగితే వాతావరణ మార్పు. కట్ట ఎందుకు తెగిందంటే వాతావరణ మార్పు. అవతలి పార్టీ హయాంలో అదే కట్ట తెగితే మాత్రం చేతకానితనం.

విజయవాడ సంగతి చూడండి. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కురిసిన వానకు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి, 2009 నాటి రికార్డు చెరిగిపోయింది. కానీ సింగ్‌నగర్‌ను, పాయకాపురాన్ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. మైలవరం వైపు కొండల నుంచి వచ్చి, ఊరి పక్కగా కొల్లేరుకు పోయే వాగు అది. దాని వరదను వెలగలేరు దగ్గర మళ్లించి, బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలపడానికి డైవర్షన్ కాలువ ఉంది. కృష్ణే నిండుకుండలా ఉన్నప్పుడు ఆ కాలువ నీళ్లు ఎక్కడికి పోతాయి? కాలువకు గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి సైన్యం రావలసి వచ్చింది. గత ప్రభుత్వం కాలువ పనులు పక్కన పెట్టేసిందని అధికార పక్షం అంది. ముఖ్యమంత్రి నివాసం మునగకుండా కాపాడటానికి వెలగలేరు గేట్లు ఎత్తారని ప్రతిపక్షం అంది. కొట్టుకొచ్చి బ్యారేజీని గుద్దిన పడవల మీద కూడా కుట్ర కేసు నడిచింది. వాగు దారిలో ఇళ్లు ఎలా లేచాయి, ఎవరు అనుమతించారు అన్న ప్రశ్నకు మాత్రం రెండు పార్టీల గొంతూ తగ్గింది, ఎందుకంటే ఆ జాబితాలో ఒక్క పార్టీ హయామే లేదు. 2005లోనూ బుడమేరు ఇదే ఊరిని ముంచింది.

మరి వేడెక్కిన గాలి పాత్ర ఏమీ లేదా? ఉంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు, కురిసేటప్పుడు అదంతా ఒక్కసారిగా దించేస్తుంది. 1950 నుంచి 2015 దాకా మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు మూడింతలయ్యాయని వాతావరణ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో చూపించింది. అదే కాలంలో దేశం మొత్తం మీద నైరుతి వానల మొత్తం సుమారు 6 శాతం తగ్గిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక చెబుతోంది. తక్కువ వాన, అదీ తక్కువ రోజుల్లో, కుమ్మరించినట్టు.

ఏ విపత్తులో వాతావరణం వాటా ఎంత అన్నది లెక్క కట్టడం ఇప్పుడు ఒక శాస్త్రమే అయింది. 2024 జులైలో వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డాక, వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ శాస్త్రవేత్తలు ఆ ఒక్కరోజు వాన తీవ్రతను వాతావరణ మార్పు సుమారు 10 శాతం పెంచిందని అంచనా వేశారు. కొండ ప్రాంతం కాబట్టి ఈ అంచనాలో అనిశ్చితి ఎక్కువేనని కూడా చెప్పారు. అడవి తగ్గడాన్ని, క్వారీలను వాళ్లు మరచిపోలేదు. ఆ 10 శాతాన్ని పట్టుకుని మనవాళ్లు రెండు పక్కలకూ లాగుతారు. అంతా వాతావరణమే అనేవాడికీ అది చాలు, పదేనా అని తీసిపారేసేవాడికీ అది చాలు. అంచులదాకా నిండిన కాలువకు ఆ పదే గండి కొడుతుంది. కాలువ తవ్వి, వెడల్పు ఉంచి, దారి ఖాళీగా వదిలి ఉంటే అదే పది ఊరి బయట పారిపోయేది. వాన పెరిగిందని నిజంగా నమ్మే ప్రభుత్వానికి జాగ్రత్త మరింత పెరగాలి కదా, సాకు ఎలా దొరుకుతుంది?

అందుకే ఏ ప్రభుత్వం వాతావరణ మార్పు మాట ఎత్తినా నాకు ఒకటే చూడాలనిపిస్తుంది. ఆ తర్వాత పిలిచిన టెండర్లో కాలువ సామర్థ్యానికి ఏ వరద లెక్క తీసుకున్నారు? పాత వరద అంకెనే కాపీ కొట్టి ఉంటే, ప్రెస్ మీట్‌లో చెప్పిన కారణాన్ని వాళ్లే నమ్మలేదన్నమాట.

తగాదాను కొలిచి తేల్చిన సందర్భం మన దేశంలోనే ఒకటుంది, అదీ వరి పొలం మీద. 1990 ప్రాంతంలో అమెరికాలో వచ్చిన లెక్కలు భారత్‌ను పెద్ద కాలుష్య దేశాల వరసలో నిలబెట్టాయి. మన వరి మళ్లలో నిలిచిన నీటి నుంచి, పశువుల నుంచి వచ్చే మీథేన్‌ను అందులో బాగా వడ్డించారు. ఢిల్లీ పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లో దీన్ని ఎదుర్కొన్నారు. బతకడం కోసం వదిలే వాయువును, షికారు కారు వదిలే వాయువును ఒకే త్రాసులో ఎలా వేస్తారని అడిగారు. అది నీతి వాదన, మంచి వాదన. దాంతో ఆగి ఉంటే ఇప్పటికీ ఎవరి పాట వాళ్లు పాడుతూ ఉండేవాళ్లు. నేషనల్ ఫిజికల్ లేబొరేటరీకి చెందిన ఎ.పి. మిత్ర నాయకత్వంలో శాస్త్రవేత్తలు దేశంలోని వరి పొలాల్లోకి దిగి కొలిచారు. మన వరి వదిలే మీథేన్ మీద అమెరికా పర్యావరణ సంస్థ అంచనా ఏడాదికి సుమారు 3.7 కోట్ల టన్నులైతే, మడిలో కొలిస్తే తేలింది 40 లక్షల టన్నులు. అంతర్జాతీయ లెక్కలు దిగిరాక తప్పలేదు. ఢిల్లీలో ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా అంత పని జరిగేది కాదు.

కాలుష్యాన్ని దేశం లెక్కన కాదు, తలసరి లెక్కన చూడాలన్న వాళ్ల వాదన ఇవాళ్టికీ న్యాయమే. సగటు భారతీయుడు ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్ రెండు టన్నుల చిల్లర, అమెరికన్‌ది దానికి ఆరేడు రెట్లు. కాకపోతే ఆ సగటు కింద ఎవరెవరు దాక్కున్నారో కూడా చూడాలి. అమెరికాను అడిగే ప్రశ్ననే గచ్చిబౌలి ఏసీ టవర్లు, ఉపాధి హామీ పనికి పోయే కూలీ మధ్య అడిగితే మన నాయకులకు ఇబ్బంది.

కొలిచాక కూడా ఎవరూ పట్టించుకోని ఊరు ఉప్పాడ. కాకినాడ పక్కన, జాందానీ చీరల ఊరు. సముద్రం ఇళ్లను, గుళ్లను, బీచ్ రోడ్డును ఏళ్లుగా మింగుతోంది. జియో ట్యూబులతో, అంటే ఇసుక నింపిన భారీ గొట్టపు సంచులతో, కట్టిన గోడ కూడా అలలకు నిలవలేదు. సముద్ర మట్టం పెరగడం వల్లే అనేవాళ్లున్నారు. ఉత్తర హిందూ మహాసముద్రం 1993 నుంచి 2017 దాకా ఏడాదికి 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది, అది నిజం. కాకినాడ రేవు కోసం కట్టిన అడ్డుగోడలు, ముందు పెరిగిన హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె కలిసి తీరం వెంబడి ఇసుక నడకను మార్చాయనేవాళ్లున్నారు. చమురు, గ్యాస్ తోడేయడం వల్ల నేల కుంగుతోందని కోనసీమలో చాలామంది నమ్మకం. వీటన్నిటి మధ్య నన్ను ఆపిన అంకె ఒకటుంది. ధవళేశ్వరం దాటి గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970లలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులుండేదని, 1990లలో అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్క తేల్చారు. మిగతాది ఎగువన ఆనకట్టల వెనక పేరుకుంది. డెల్టా అంటేనే నది పోసిన మట్టి. పోయడం తగ్గితే సముద్రానికి మిల్లీమీటర్లు కూడా ఎక్కువే.

ఈ అంకె ఏ పార్టీకీ పనికిరాదు. మహారాష్ట్ర కట్టింది, తెలంగాణ కట్టింది, ఆంధ్ర కట్టింది, ఇంకా కడుతోంది. ఎన్నికల సభలో దీన్ని ఎవరి మీద విసరాలి? కాబట్టి గోడ గురించే మాట్లాడతారు. గోడ కట్టిన చోట కోత ఆగితే, పక్క ఊళ్లో మొదలవుతుంది.

అసలు కొలవనిది వడదెబ్బ. కారణం మీద తగాదా అంటే ఐరాస సమావేశాల్లో జరిగేదని మనం అనుకుంటాం. అది మన మండల కార్యాలయంలో ప్రతి మే నెలలోనూ జరుగుతుంది. ఉపాధి పనిలోనో, మామిడి తోటలోనో మనిషి కూలిపోతే, చంపింది ఎండా గుండెపోటా అన్నది తహసీల్దారు, ఎస్ఐ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు కలిసి తేలుస్తారు. పోస్ట్‌మార్టం ఉండాలి. ఎండాకాలంలో శవాన్ని ఉంచలేక సాయంత్రానికే దహనం చేసేసిన ఇంట్లో ఆ కాగితం ఎక్కడ నుంచి వస్తుంది? పైగా ఎండ ఒక్కటే చంపడం అరుదు. బీపీ ఉన్నవాడిని, కిడ్నీ జబ్బున్నవాడిని, రాత్రి కూడా చల్లబడని రేకుల ఇంట్లో పడుకున్నవాడిని ముందు కుంగదీస్తుంది. రికార్డులో పడేది చివరి దెబ్బ పేరు.

2015 మేలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా వడదెబ్బకు చనిపోయారని ప్రభుత్వమే చెప్పింది. తెలంగాణలో ఐదు వందలు దాటింది. తర్వాతి ఏళ్లలో సంఖ్య బాగా తగ్గింది. చలివేంద్రాలు, హెచ్చరికలు, పనివేళల మార్పు కొంత పనిచేశాయి, కాదనను. ఎంత తగ్గింది మరణాలు, ఎంత తగ్గింది నమోదు అన్నది విడదీసి చెప్పే లెక్క మాత్రం లేదు. 2025 నాటికి కూడా జాతీయ విపత్తుల జాబితాలో వడగాలికి చోటు లేదు. తుపానుకు ఉంది, చలిగాలికి ఉంది, పంటకు పట్టే పురుగుకూ ఉంది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడగాలిని రాష్ట్ర స్థాయి విపత్తుగా ప్రకటించి, అంతకుముందు 50 వేల రూపాయలున్న సాయాన్ని 4 లక్షలు చేసింది. మంచి పని. దాంతో కొత్త చిక్కూ వచ్చింది. సాయం పెరిగేకొద్దీ, ప్రతి సంతకం ఖజానా మీద భారమయ్యేకొద్దీ, గుండెపోటు అని రాయమనే ఒత్తిడి కూడా పెరిగే అవకాశం ఉంది. అలా తగ్గిన అంకెలే రేపు టీవీ చర్చలో ఎండలు మనకు కొత్తా, జనం అలవాటు పడ్డారు అనేవాడి చేతికి సాక్ష్యంగా వస్తాయి.