పదహారు చదరపు మీటర్ల మహారాజశ్రీ గారికి

మహారాజశ్రీ యూరప్ లగ్జరీ బొటీక్ హోటల్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ కుశలం మీ వెబ్‌సైటు ఫోటోల్లో రోజూ చూస్తూనే ఉన్నాం. వెల్వెట్ కుర్చీ, పక్కన ఇత్తడి దీపం, దాని కింద ఎవరూ తెరవని లావుపాటి ఆర్టు పుస్తకం, అన్నీ క్షేమం. మా క్షేమం మాత్రం మీ దయ. పారిస్‌కో, ఆమ్‌స్టర్‌డామ్‌కో, రోమ్‌కో నాలుగు రాత్రుల కోసం బయల్దేరే తెలుగువాళ్లు రాత్రికి మూడు వందల యూరోల పైన మీకు సమర్పించుకోబోతున్నారు గనక, వాళ్ల తరఫున ఈ విన్నపం.

ముందు మీ వంశం, అంటే తక్కువ గదులూ ఎక్కువ అలంకారమూ ఉన్న చిన్న హోటళ్ల వంశం గురించి రెండు ముక్కలు. 1978లో లండన్‌లో బ్లేక్స్, 1984లో న్యూయార్క్‌లో మోర్గన్స్ అని మీ మూలపురుషులు వెలిశారు. ఇప్పుడు వీధికి ఇద్దరున్నారు. నక్షత్రాలు ఇవ్వడానికి ప్రభుత్వాలూ సంఘాలూ ఉన్నాయి, కొలతలూ పాయింట్లూ ఉన్నాయి. బొటీక్ అన్న బిరుదు మాత్రం మీకు మీరే తగిలించుకుంటారు. పైగా మీలో కొందరి వెనక పెద్ద కంపెనీలున్నాయి. అకార్‌కి ఎం గ్యాలరీ, మారియట్‌కి ఆటోగ్రాఫ్ కలెక్షన్, హిల్టన్‌కి క్యూరియో అనే బ్రాండ్లు ఇందుకోసమే పుట్టాయి. అది తప్పేమీ కాదు, ఆ కంపెనీ పాయింట్లు పోగేసుకునేవాళ్లకి లాభం కూడా. కాకపోతే ఆ పేరు పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో వేస్తారు చూడండి, ఆ వినయం ముచ్చటేస్తుంది.

ఇక గది. మీరు గదులకి పెట్టే పేర్లు చూస్తే నామకరణం చేయించే పురోహితుడు కూడా చేతులెత్తేస్తాడు: కోజీ, చార్మింగ్, క్లాసిక్, సుపీరియర్, సిగ్నేచర్. మీ దగ్గర సుపీరియర్ అయినది పక్క హోటల్లో అన్నిటికంటే చిన్న గది. అందుకని పేర్లు వదిలేసి చదరపు మీటర్లు చూడమని మావాళ్లకి చెబుతున్నాం. ఫ్రాన్స్ వర్గీకరణలో నాలుగు నక్షత్రాలకి ఇద్దరి గది బాత్రూంతో కలిపి 16 చదరపు మీటర్లుంటే చాలు, ఐదు నక్షత్రాలకి 24. మన లెక్కలో 172 ఎస్ఎఫ్‌టీ, 258 ఎస్ఎఫ్‌టీ. ఆ పదహారులో బాత్రూంకి నాలుగు పోతాయి. 180 సెంటీమీటర్ల మంచానికి 3.6. అలమరా, బల్ల, మీ వెల్వెట్ కుర్చీకి ఇంకో రెండు. మిగిలేది ఆరు చిల్లర. అందులోనే తలుపు తెరుచుకోవాలి, రెండు 28 అంగుళాల పెట్టెలు నేలమీద విప్పుకోవాలి (విప్పిన పెట్టె ముప్పావు చదరపు మీటరు తింటుంది), భార్యాభర్తలు ఎదురుపడితే ఒకరు మంచమెక్కి దారివ్వాలి. ఇద్దరికి 20 కంటే తక్కువైతే వద్దు, పెట్టెలు మంచం మీదే ఉంటాయి. పిల్ల కూడా ఉంటే 28కి తగ్గొద్దు. మీ సైటులో చదరపు మీటర్లే వేయకపోతే ఆ మౌనానికి అర్థం మాకు తెలుసు.

పిల్ల అంటే గుర్తొచ్చింది. 'మధ్యలో పడుకోబెట్టుకుని సర్దుకుంటాం' అనేది మన దగ్గర చెల్లుతుంది. మీ దగ్గర తలల లెక్క ఉంటుంది, అగ్నిమాపక నిబంధనల ప్రకారం గదికి పరిమితి ఉంటుంది. ఇటలీలో అయితే దిగిన ప్రతి మనిషి వివరాలూ 24 గంటల్లో పోలీసులకి పంపాలి. బుకింగ్‌లో ఇద్దరని వేసి ముగ్గురు దిగితే రిసెప్షన్‌లో మీరు నవ్వే ఆ నవ్వు ఖరీదు రెండో గది అద్దె. అందుకే పిల్ల వయసుతో సహా ముందే రాయించండని మావాళ్లకి మనవి.

మీ ఫోటోగ్రాఫరు గారికి ప్రత్యేక నమస్కారం. వైడ్ యాంగిల్ లెన్సుతో ఆయన గోడల్ని వెనక్కి నెట్టిన తీరు ఏ మేస్త్రీకీ చేతకాదు. అయితే ఆ లెన్సుకో జబ్బుంది, ఫోటో అంచున ఉన్నవి సాగుతాయి. గుండ్రటి దీపం మూలన కోడిగుడ్డులా కనిపించిందంటే గదిని లాగి పెద్దది చేశారని లెక్క. మంచం వెడల్పు తెలుసుకుంటే దాంతోనే గోడని కొలవొచ్చు: అటూ ఇటూ పక్క బల్లలు కూడా పట్టక గోడకి చిన్న చెక్కపలక కొట్టారంటే అక్కడ అరమీటరు కూడా లేదు. కిటికీ బయట ఏమీ కనపడకుండా తెల్లగా వెలిగిపోతుంటే ఎదురుగా గోడ గానీ, వంటింటి పొగగొట్టం గానీ ఉందేమోనని అనుమానించాలి. మీ ఫోటోలు కాకుండా రివ్యూల్లో అతిథులు పెట్టిన ఫోటోలు చూడమంటున్నాం. అవి వంకరగా, మసకగా, నిజంగా ఉంటాయి.

లిఫ్టు ఉందని రాస్తారు. అబద్ధమనలేం. ఆమ్‌స్టర్‌డామ్ కాలవల వెంట 17వ శతాబ్దపు ఇళ్లు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. పక్కపక్కవి మూడు నాలుగు కలిపేస్తే ఒక హోటలు తయారు. ఒక్కో ఇంటి అంతస్తు ఒక్కో ఎత్తు గనక లిఫ్టు ఒక ఇంటికే న్యాయం చేస్తుంది. మిగతా గదులకి లిఫ్టు దిగాక ఇంకో అయిదారు మెట్లు, ఒక్కోసారి నిటారుగా ఒక అంతస్తంతా. కట్టడాలు రక్షిత జాబితాలో ఉంటాయి కాబట్టి ఇంకో లిఫ్టు పెడతామన్నా అనుమతి రావడం కష్టం. పారిస్‌లో పాత మెట్ల మధ్య ఖాళీలో లిఫ్టుని ఇరికిస్తారు. ఇద్దరు మనుషులు, లేదంటే ఒక మనిషి, ఒక పెట్టె. పెట్టెని ఒంటరిగా పైకి పంపి, తాము మెట్లెక్కి వెళ్లి దాన్ని అందుకోవడం అక్కడ మామూలే. మోకాళ్ల నొప్పులున్న అత్తమామల్ని తెచ్చేవాళ్లు లిఫ్టు ఉందా అని అడగొద్దు. 'వీధి గుమ్మం నుంచి మా గది తలుపు దాకా ఎన్ని మెట్లు?' అని ఈమెయిల్‌లో అడగాలి. జవాబులో అంకె ఉండాలి.

మీ బాత్రూం గురించి ఎంత రాసినా తక్కువే. పడకగదికీ దానికీ మధ్య గాజు గోడ పెట్టాలని మీకు చెప్పిన డిజైనరు ఎప్పుడూ తల్లితో కలిసి ప్రయాణం చేసి ఉండడు. చీకటి గదికి వెలుతురు తేవడానికీ, చిన్న గదిని పెద్దగా చూపడానికీ ఆ గాజు పెడతారని తెలుసు. కనీసం తెర ఉందో లేదో రాయండి. తొట్టి మీద షవరు పెట్టి, తొట్టిలో సగం పొడవుకే అద్దం బిగిస్తారు, మిగతా సగం నుంచి నీళ్లు నేలమీదికొస్తాయి. మన బాత్రూముల్లో నేలంతా వాలుగా ఉండి నీళ్లు జాలీలోకి పోతాయి. మీ బాత్రూముల్లో చాలావాటికి షవరు బయట నేలకి వాలూ లేదు, జాలీ లేదు. పాత భవనమైతే కింద చెక్క దూలాలు. మావాడు అలవాటు కొద్దీ మగ్గుతో నీళ్లు కుమ్మరించుకుంటే అవి కింది అంతస్తు కప్పులోంచి దిగుతాయి, మరమ్మతు బిల్లు కార్డు మీదికి ఎక్కుతుంది. కాబట్టి 'తలుపుతో మూసుకునే విడి షవరు' ఉన్న గది అడగండి, దొరక్కపోతే తువ్వాలు నేలమీద పరిచి చేతి షవరు గోడవైపు పట్టుకోండి. ఇక చెంబు సంగతి. ఇటలీలో 1975 నుంచి కొత్త ఇళ్లకి బిడే (కూర్చుని కడుక్కునే చిన్న తొట్టి) తప్పనిసరి, హోటళ్లలోనూ అది మామూలు. మిగతా చాలా దేశాల్లో మీరు కాగితాన్నే నమ్ముకున్నారు. మావాళ్లు ఖాళీ వాటర్ బాటిల్‌ని నమ్ముకుంటారు. ఎవరి విశ్వాసం వాళ్లది.

డబుల్ బెడ్ అని మీరనేది తరచు 90 సెంటీమీటర్ల రెండు పరుపులు. మధ్యలో లోయ. వియన్నా, బెర్లిన్ వైపు దుప్పట్లు కూడా ఎవరివి వాళ్లవే. ఒకటే పరుపు కావాలంటే ఆ ముక్క విడిగా రాయాలి.

ఏసీ ఉందంటారు, ఉంటుంది కూడా. పాత భవనాల్లో చాలాచోట్ల వేడికీ చలికీ ఒకే జత గొట్టాలు. భవనం మొత్తానికి వేడి నీళ్లయినా పారాలి, చల్ల నీళ్లయినా పారాలి. మే మొదట్లో, అక్టోబరులో బయట ఎండ కాస్తున్నా మీరింకా హీటింగ్‌లోనే ఉంటారు. మావాళ్లు రిమోట్‌ని 18కి దించి, గాలి మాత్రమే వస్తోందని రిసెప్షన్‌కి ఫోన్ చేస్తారు. మీరు కిటికీ తెరవమంటారు. కిటికీ తెరిస్తే కింద బారు. పారిస్‌లో ఆఖరి అంతస్తు గది రొమాంటిక్ అని ఎక్కువ తీసుకుంటారు, దాని మీద జింకు రేకు. ఆ రేకులు పరిచే పనివాళ్ల నైపుణ్యాన్ని యునెస్కో 2024లో గుర్తించింది, చాలా సంతోషం. దాని కింద జూలై మధ్యాహ్నం పడుకున్నవాళ్లకి కూడా ఏదైనా గుర్తింపు ఇస్తే బాగుండు. శబ్దం పడనివాళ్లు లోపలి పెరటివైపు గది అడగాలి. వెలుతురు తగ్గుతుంది, నిద్ర దక్కుతుంది. రెండూ కావాలంటే వీధివైపే పై అంతస్తులో, రెండు పొరల అద్దమున్న కిటికీ అని అడగాలి.

బిల్లు దగ్గరికొద్దాం. ఆమ్‌స్టర్‌డామ్‌లో పర్యాటక పన్ను గది ధరలో 12.5 శాతం. 2026 జనవరి నుంచి బసపై వ్యాట్ 9 నుంచి 21కి పెరిగింది. పన్నులు కలపకముందు 300 యూరోలుండే గదికి వ్యాట్ 63, పర్యాటక పన్ను 37.50 కలిపితే నాలుగు వందలు దాటింది. సైటులో చూపే ధరలో వ్యాట్ కలిసే ఉంటుంది, పర్యాటక పన్ను మాత్రం చాలాసార్లు అడుగున విడిగా దాక్కుంటుంది. రోమ్‌లో ఐదు నక్షత్రాలైతే మనిషికి రాత్రికి 10 యూరోలు, పదేళ్ల లోపు పిల్లలకి లేదు. లిస్బన్‌లో 4 యూరోలు, ఏడు రాత్రుల దాకా. మూడు హోటళ్లు పోల్చేటప్పుడు పన్ను కలిపిన మొత్తమే పోల్చాలి. బిల్లు కట్టేటప్పుడు కార్డు మెషీన్ 'రూపాయల్లోనా, యూరోల్లోనా' అని ముద్దుగా అడుగుతుంది. యూరోలే నొక్కాలి. రూపాయలు నొక్కితే మారకం రేటు ఆ మెషీనువాళ్ల ఇష్టం.

మీరు కాస్త తక్కువకి చూపించే నాన్ రిఫండబుల్ ధర మావాళ్లకి గాలం. హైదరాబాద్‌లో షెంజెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా) 90 యూరోల ఫీజు కట్టి, బస రుజువు జతచేసి ఎదురుచూసేవాడికి జవాబు మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 రోజులు పడుతుంది. ఈలోపు మీరు డబ్బు మింగేసి ఉంటారు. ఆన్‌లైన్లో కొన్నదాన్ని 14 రోజుల్లో వెనక్కిచ్చే యూరప్ హక్కు తేదీ ఖరారు చేసిన హోటల్ గదికి వర్తించదు. అందుకని వీసా స్టాంపు పడేదాకా ఉచిత రద్దు ధరే తీసుకోవాలి. గడువు 'రెండు రోజుల ముందు సాయంత్రం 6' అంటే అక్కడి ఆరు. పారిస్, రోమ్, ఆమ్‌స్టర్‌డామ్‌లకైతే ఇక్కడ ఎండాకాలంలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర.

వీసా వచ్చాక మీకే నేరుగా రాయమంటున్నాం. బుకింగ్ సైటు కంటే తక్కువకి ఇవ్వకూడదన్న షరతు ఫ్రాన్స్‌లో 2015 చట్టంతో పోయింది. 2024లో బుకింగ్ డాట్ కామ్ కూడా యూరప్‌లో దాన్ని ఎత్తేసింది. సైటుకి పోయే కమీషన్ మిగులుతుంది గనక మీరు ధర దించకపోయినా బ్రేక్‌ఫాస్ట్ కలుపుతారు, లేదా మధ్యాహ్నం ఒంటిగంట దాకా గది ఉంచుతారు. ఇద్దరికి రోజుకి యాభై అరవై యూరోల బ్రేక్‌ఫాస్ట్ ఊరికే వస్తే కాదనేవాళ్లెవరు? ఈమెయిల్‌లో గది నంబరు కూడా రాయించుకోవాలి. ఇరవై గదుల హోటల్లో మీ మేనేజరుకి ఏ గది చీకటిదో, ఏది లిఫ్టు మోటారు పక్కదో బాగా తెలుసు. అడిగినవాడికి మంచిది ఇస్తారు, అడగనివాడికి మిగిలింది ఇస్తారు.

మీ మంచితనాన్నీ కాదనం. పెట్టె దించి అయిదు నిమిషాలు నడిస్తే ఊరి నడిబొడ్డు. రెండో రోజుకే పేరు పెట్టి పలకరిస్తారు. శాకాహారమంటే చేప కూడా వద్దని రెస్టారెంటుకి మీరే ఫోన్ చేసి చెబుతారు. రోమ్‌లో, ఫ్లోరెన్స్‌లో అద్దె కారుతో నిషేధిత ట్రాఫిక్ జోన్‌లోకొచ్చేవాడి కారు నంబరు మునిసిపాలిటీకి పంపి ఫైన్ తప్పిస్తారు, కాకపోతే ఆ నంబరు మీకు ముందే ఇచ్చి ఉండాలి. పెద్ద చెయిన్ హోటలు ఈ పనులు ఇంత శ్రద్ధగా చేయదు. అందుకే మీ మీద ఇంత కోపం.

చిత్తగించవలెను.

ఇట్లు,
కాబోయే మీ అతిథులు

తా.క.: గదిలో పాడ్ల (కాఫీపొడి నింపిన చిన్న డబ్బీల) కాఫీ మెషీన్ పెట్టి కెటిల్ పెట్టని మీ నిర్ణయం పరిశీలించాం. పాడ్ వేయకుండా బటన్ నొక్కితే వేడినీళ్లు వస్తాయి. మొదటి రెండు కప్పులు పారబోసి మూడోది నూడుల్స్ కప్పులో పోసి, మూత పెట్టి, ప్యాకెట్ మీద రాసినదానికంటే రెండు నిమిషాలు ఎక్కువ ఆగమని మావాళ్లకి చెప్పాం. అయినా కాఫీ వాసనొస్తే దాన్ని మీ సిగ్నేచర్ అనుకుంటాం.