ఉమ్మడి ఫొటో

కోనసీమలో మనిషిని కుర్చీలో కూర్చోబెట్టడం కష్టం కాదండి. కూర్చున్నాక నోరు మెదపకుండా ఉంచడమే కష్టం. "కాసేపు కదలకండి" అంటే "ఆయ్" అంటారు. అని ఊరుకుంటారా, మర్యాద కోసం తల కూడా ఊపుతారు. నా కెమెరా షట్టరు తెరుచుకునేది పావు సెకను. సరిగ్గా ఆ పావు సెకనులోనే ఆ "ఆయ్" వచ్చి పడుతుంది. అలా ఆయ్ అంటూ అలుక్కుపోయిన మొహాలు నా దగ్గర ఓ అట్టపెట్టెడు ఉన్నాయి.

నాది పాతకాలపు పెద్ద ఫిల్ము కెమెరా. ఫోర్ బై ఫైవ్ అంటారు. 4 అంగుళాలు, 5 అంగుళాల ఫిల్ము షీటు, ఫొటోకి ఒకటి చొప్పున. ఒక షీటు ఖరీదు పెడితే ఇంటికి దాదాపు కిలో రొయ్యలొస్తాయని మా ఆవిడ లెక్క. చెక్కపెట్టె, హార్మోనియం తిత్తిలాంటి బెలోసు, ముందు లెన్సు, వెనక గరుకు అద్దం. ఆ అద్దం మీద మనిషి బొమ్మ తలకిందులుగా, కుడిఎడమలు తారుమారుగా పడుతుంది. వెలుతురుంటే అదీ కనపడదు కాబట్టి నేను నల్లగుడ్డ కప్పుకుని, వంగి, లోపల తల దూర్చి చూడాలి. మొదటిసారి అంబాజీపేట దగ్గర ఓ అరుగు మీద ఈ తతంగం మొదలుపెడితే, దారినపోయే పెద్దాయన ఆగి నా వీపు తట్టి, "జలుబాండీ? నీళ్ళలో పసుపేశారా మరి?" అని అడిగాడు. నేను ఆవిరి పడుతున్నాననుకున్నాడు పాపం.

సరే, అసలు సంగతికొస్తాను.

ఆ చుట్టుపక్కలే ఓ ఊళ్ళో అన్నదమ్ములిద్దరున్నారు. ఇద్దరూ అరవై దాటినవాళ్ళే. పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఇద్దరి కొబ్బరితోటల మధ్య మూడడుగుల గట్టు, గట్టు మీద ఒకే ఒక్క కొబ్బరిచెట్టు, ఆ చెట్టు మీద కోర్టులో దావా. చెట్టు మాత్రం వాయిదాలతో పని లేకుండా కాస్తూనే ఉంది. రాలిన కాయ ఎటు దొర్లితే అటువాళ్ళది. గట్టు పెద్దాయన వైపు కాస్త వాలి ఉంటుందని చిన్నాయన అభియోగం.

మండువా లోగిలి కూడా పంచేసుకున్నారు. నడిమి గది ఒక్కటీ తల్లిగారికి వదిలారు. ఊరంతా మామ్మగారని పిలిచే ఆవిడకి తొంభైకి దగ్గర. ఓ నెల పెద్దకొడుకు వంట, ఓ నెల చిన్నకొడుకు వంట. ఆ గదిలో వాళ్ళ నాన్నగారి టేకు కుర్చీ ఒకటుంది. ఇల్లు పంచారు, తోట పంచారు, ఇత్తడి గంగాళాలు పంచారు గానీ కుర్చీ దగ్గరకొచ్చేసరికి పెద్దమనుషులకి ఓపిక అయిపోయినట్టుంది. అది ఉమ్మడిగానే మిగిలిపోయింది.

నన్ను పిలిచింది పెద్దాయన మనవడు. తాతయ్యని నాన్నగారి కుర్చీలో కూర్చోబెట్టి ఓ ఫొటో తియ్యాలన్నాడు. గోడకి నల్ల గొంగళి కట్టి, కుర్చీ దాని ముందు వేసి, కెమెరా నిలబెట్టానో లేదో, అవతలి వాటాలోంచి కబురు: అన్నయ్యకి తీస్తే నాకూ తియ్యాలి, అదే కుర్చీలో, అదే గొంగళి ముందు, అంగుళం కూడా తేడా రాకూడదు. మండువాలోంచి మెత్తగా దిగే ఆ వెలుతురు చూస్తే నాకూ కెమెరా కదపబుద్ధి కాలేదు. మనిషికో షీటు చాలనుకున్నాను. రెండో షీటు తియ్యడం చేతకానివాడి లక్షణం అనుకునే రోజులవి.

ఇక్కడ హోల్డరు గురించి కాస్త చెప్పాలి, తప్పదు. బల్లపరుపుగా ఉండే చిన్న పెట్టె అది. అటో షీటు, ఇటో షీటు పడతాయి. ఒక్కోదానికి డార్క్ స్లైడు అనే పల్చటి పలక అడ్డం. ఫొటో తీసేటప్పుడు పలక పైకి లాగాలి, తీశాక తిరిగి దోపాలి. పలక అంచు ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు. తెలుపు బయటికుంటే ఫిల్ము కొత్తది, నలుపు బయటికుంటే వాడేసింది. చిన్నపిల్లాడికైనా అర్థమయ్యే ఏర్పాటే గానీ, చిన్నపిల్లాడికి ఎవరూ రెండు చేతుల్లో రెండు కాఫీలు పెట్టరు కదా.

పెద్దాయన కూర్చున్నాడు. బట్టతల, గుబురు మీసం, మొహం కొంచెం పక్కకి తిప్పి. పలక లాగి చంకలో పెట్టుకున్నాను. "కదలకండి" అన్నాను. ఆశ్చర్యం, ఆయన ఆయ్ అనలేదు. అవతలి వాటాలో తమ్ముడు వింటున్నాడుగా, నోరు తెరిస్తే లోకువైపోతాననుకున్నాడేమో! షట్టరు నొక్కాను. అంతలో పెద్దకోడలు గారు కుడిచేతిలో కాఫీ గ్లాసు పెట్టారు. అది చూసి చిన్నకోడలు గారు తడికె పక్కనుంచి వచ్చి ఎడమచేతిలో ఇంకో గ్లాసు పెట్టారు. ఏది ముందు తాగితే ఏ పార్టీయో తెలియక, అటో గుక్క, ఇటో గుక్క తాగుతూ, చంకలోంచి పలక తీసి ఎలా దోపానో దేవుడికెరుక. దోపడం మాత్రం తెలుపు బయటికి దోపాను.

తరవాత చిన్నాయన కూర్చున్నాడు. నల్లగా రంగేసిన ఒత్తు జుట్టు, నున్నటి గడ్డం, మీసం లేదు, చూపు తిన్నగా లెన్సులోకి. హోల్డరు చూశాను. తెల్లంచు. ఓహో, కొత్త షీటు. నొక్కేశాను.

ఆ రాత్రి ఫిల్ము కడగడానికి కూర్చున్నాను. డెవలపరు 20 డిగ్రీలుండాలి. మే నెలలో మా ట్యాంకు నీళ్ళు టీకి సగం కాగినట్టే ఉంటాయి. అందుకని ఐసు ఫ్యాక్టరీకెళ్ళి రొయ్యలకి వాడే ఐసు ఓ బస్తా తెచ్చి, పెద్ద పళ్ళెంలో పోసి, దాని మీద ట్రేలు పెడతాను. "ఫొటోలు కడుగుతున్నారా, రొయ్యలు వలుస్తున్నారా?" అని బయటినుంచి మా ఆవిడ. ఈ ఫిల్ముకి ఎర్రబల్బు కూడా పనికిరాదు, గుడ్డి చీకటే. కరెంటు పోతే ఊరంతా తిట్టుకుంటుంది. ఆ స్నానాలగదిలో నేనొక్కణ్ణే హమ్మయ్య అనుకుంటాను.

హైపోలోంచి, అంటే బొమ్మ చెదరకుండా నిలబెట్టే మందులోంచి తీసి, దీపం వేసి చూస్తే, ఒక షీటు తేటగా కిటికీ అద్దంలా ఉంది. వెలుతురు దాని మొహమే చూడలేదన్నమాట. రెండోది దిట్టంగా, నల్లగా ఉంది. ట్యూబులైటుకి అడ్డంపెట్టి చూశాను. కుర్చీ ఒకటి. మనిషి ఒకడు. చెవులు మూడు.

నిజం చెప్పొద్దూ, ముందు చెమటలు పట్టాయి, ఆ తరవాత ముచ్చటేసింది. కుర్చీ కదల్లేదు, కెమెరా కదల్లేదు, వెనక నల్ల గొంగళి. కళ్ళ మీద కళ్ళు, ముక్కు మీద ముక్కు అతికినట్టు పడ్డాయి. పెద్దాయన బట్టతల మీద చిన్నాయన జుట్టు పల్చగా పరుచుకుంది. చిన్నాయన నున్నటి పెదవి మీద పెద్దాయన మీసం సగానికి సగం తగ్గి, చూడముచ్చటగా నిలబడింది. వాళ్ళలో ఎవరూ కాని మూడోమనిషి, మంచి ఈడైన మనిషి, నావంకే చూస్తున్నాడు. ఉండబట్టలేక ఓ ప్రింటు వేశాను.

మర్నాడు ఫిల్ము పాడైందని చెప్పి, కాళ్ళు పట్టుకుని మళ్ళీ తీద్దామని వెళ్ళాను. ప్రింటు సంచీలోనే ఉండిపోయింది. ఆ మనవడున్నాడే, సంచీ ఇలా దింపానో లేదో కవరు లాగేసి తాతయ్య చేతిలో పెట్టాడు.

పెద్దాయన చాలాసేపు చూశాడు. "ఇది నేనా?"

"సగం తమరేనండి."

"మిగతా సగం?"

"తమ్ముడుగారండి."

"అనుకున్నా. గట్టు చాల్లేదు వాడికి. ఫొటోలోకి కూడా జరిగాడు!"

గోడవతల చెవి ఒగ్గి ఉన్న చిన్నాయన పరిగెత్తుకొచ్చాడు. ఫొటో చూశాడు. పదకొండేళ్ళ తరవాత అన్నగారి మొహంలోకి సూటిగా చూసింది ఆ ఫొటోలోనే అనుకుంటాను. "ఆ ముక్కు నాది. మీసం ఎవరిదో వాళ్ళే తీసుకుపొమ్మనండి" అన్నాడు, నావంక చూస్తూ. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడరు కాబట్టి తగువంతా నా మీదుగానే నడుస్తోంది. కుర్చీలో ముందు కూర్చున్నది నేను కాబట్టి ఫొటో నాదేనని చెప్పండని పెద్దాయన. పైన పడింది నేను కాబట్టి నాదేనని చెప్పండని చిన్నాయన. డబ్బుల దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట: సగం మనిషికి సగమే ఇస్తాం, ఆ సగం అవతలివాడి దగ్గర ముందు వసూలు చేసుకురండి.

నేను నోరు మూసుకోవాల్సింది. పుస్తకాలు చదివిన పాపానికి సర్దిచెప్పబోయాను. "ఇది తప్పు కాదండి, 1878లోనే ఇంగ్లండులో గాల్టన్ అనే ఆయన కావాలనే ఇలా చేశాడండి. చాలామంది మొహాలు ఒకే ప్లేటు మీద పడేలా తీస్తే, విడివిడిగా కంటే కలిపిన మొహమే బాగుందట" అన్నాను.

"ఎవరి మొహాలు?" అన్నాడు పెద్దాయన, కొంచెం మెత్తబడి.

"జైల్లో దొంగలవండి."

ఆ తరవాత కాసేపు ఏం జరిగిందో వివరంగా రాయను. పెద్దకోడలు గారు ఆ రోజు కాఫీ ఇవ్వలేదు. చిన్నకోడలు గారూ ఇవ్వలేదు.

ఈ గోలకి మామ్మగారు మంచం మీంచి లేచి, "ఏవిట్రా ఆ రంకెలు, ఇలా తెండి" అన్నారు. ప్రింటు చేతికిచ్చాం. ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూశారు. వెలుతురుకి తిప్పుకుని చూశారు. బొటనవేలితో పైపైన తడిమారు.

"ఒరే, మీ నాన్నగారి ఫొటో ఎక్కడ దొరికిందిరా?"

ఎవరూ మాట్లాడలేదు. ఆయనకున్నది ఒకే ఒక్క ఫొటోట. 1996 నవంబరు తుపానులో పెంకులు లేచిపోయినప్పుడు, ఫ్రేముతో సహా అదీ పోయిందట.

"అమ్మా, అది నేనే" అన్నాడు పెద్దాయన.

"నీకు జుట్టేదిరా?"

"కాదమ్మా, నేను" అన్నాడు చిన్నాయన.

"నీకు మీసమేది?"

ఆ వాదనకి పదకొండేళ్ళుగా కోర్టు చుట్టూ తిరుగుతున్నవాళ్ళిద్దరి దగ్గరా జవాబు లేదు. మామ్మగారు పనిపిల్లని కేకేసి, పెరట్లో నందివర్ధనాలు కోసి దండ గుచ్చమన్నారు. కుంకుమ భరిణె తెమ్మన్నారు. దీపం కుందె తోమమన్నారు. అన్నదమ్ముల మొహాల్లో రక్తం లేదు.

"ఏమండీ, బతికున్న మనుషులం! దండేయిస్తారా మాకు?" అని పెద్దాయన నా కుడి మోచెయ్యి పట్టుకున్నాడు. "దండ గుచ్చేలోగా మళ్ళీ తీసెయ్యండి, విడివిడిగా, డబ్బులు నేనే ఇస్తా" అని చిన్నాయన ఎడమ మోచెయ్యి పట్టుకున్నాడు.

మామ్మగారు ఇవేమీ వినడం లేదు. కొంగు ముడి విప్పి, మడతలు మడతలుగా ఉన్న నోట్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టారు. మొత్తం సొమ్ము, సగం కాదు. పెళ్ళయిన కొత్తలో తీయించుకున్న ఫొటోకి స్టూడియోవాళ్ళు పెన్సిలుతో మొహం మీద మచ్చలు దిద్దేవారని ఆవిడకి గుర్తుందిట. నన్ను దగ్గరికి రమ్మని, కొడుకులకి వినపడకుండా అడిగారు.

"అన్నీ సరిగ్గానే వచ్చాయి బాబూ. ఆ ఎడమపక్క చెవొకటి ఎక్కువుంది చూడు, అది మాత్రం చెరిపేసి ఇయ్యి."