రాయలవారిని కాపాడుకుందాం, లైబ్రరీకి పోవద్దు

ఊరి చరిత్ర రాయడానికి ఫోనుంటే చాలు. దానితో పాటు శ్రీకృష్ణదేవరాయలు మన ఊళ్లో ఒక రాత్రయినా బస చేశాడన్న నమ్మకం ఉండాలి. ఈ రెండూ ఉండి కూడా కడపలో కొందరు పనిగట్టుకుని ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ లైబ్రరీకి పోతున్నారు. వీళ్లవల్ల జిల్లాకు జరిగే నష్టం ఇంతా అంతా కాదు.

శాసనం సంగతే చూడండి. రాతి మీద 'రాయలు' అని కనిపిస్తే ఫోను పరిశోధకుడి పని అక్కడితో పూర్తి. లైబ్రరీవాడు మాత్రం శాసన సంపుటం తీసి తేదీ చూస్తాడు. ఇంగ్లీషు ఏడాది కోసం శక సంవత్సరానికి 78 కలుపుతాడు (పుష్యం నడిమి నుంచి ఫాల్గుణం దాకా అయితే 79 కలపాలట, ఇదొక చాదస్తం). శక 1460 అని ఉంటే లెక్క 1538కి తేలుతుంది. అప్పటికి కృష్ణరాయలు పోయి తొమ్మిదేళ్లు, గద్దె మీద ఉన్నది అచ్యుతరాయలు. ఊరి ఆర్చీ మీద మనం రాయించిన కృష్ణరాయల పేరు ఏం గావాల? అదే శాసనంలోని విలంబి అన్న ఏడాది పేరొక్కటే పట్టుకుంటే ఎంత హాయి! అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది కాబట్టి 1478, 1538, 1598లో ఏది కావాలంటే అది వాడుకోవచ్చు.

పోనీ కైఫీయత్తులు (కంపెనీ కాలంలో మెకంజీ దొర రాయించిన ఊరి వివరాలు) చూద్దామంటే అక్కడా నెమ్మది లేదు. మెకంజీ మనుషులకు కరణం చెప్పింది చెప్పినట్టు దించుకుంటే సరిపోయేదానికి, ఆ మాట వల్ల ఎవరి ఇనాం నిలిచిందో కూడా చూడమంటారు. ఫసలీ లెక్క (పన్నుల దస్త్రాల్లోని ఏడాది) కనిపిస్తే, ఇంగ్లీషు ఏడాది కోసం 590 కలుపుకోవాలి.

ఊళ్లు కూడా ఉన్నచోట ఉండవు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలోదే, కాబట్టి 1875 నాటి కడప మాన్యువల్‌ అనే జిల్లా వివరాల పుస్తకంలో వెతకాలి. అనంతపురంవాళ్ల గతి మరీ ఘోరం, 1882కు ముందు కాగితాలకు బళ్లారి పేరు మీద పోవాలి. పాత ఇంగ్లీషు పుస్తకం వెనక సూచికలో 'కె' కింద కడప దొరకదు, 'సి' కింద కడ్డపా అని ఉంటుంది. ఫోనుకు ఈ తిప్పలు తెలియవు, తెలియనందుకే అది నిమిషంలో జవాబిస్తుంది.

బీరువాల అమరిక ఇంకో కుట్ర. పుస్తకాలకు విషయాన్నిబట్టి అంకె వేసే డ్యూయీ పద్ధతిలో ఆంధ్రప్రదేశ్ చరిత్ర 954.84. కోరిన పుస్తకం తీయబోతే, దాన్ని తప్పుపట్టే పుస్తకం అదే అంకెతో పక్కనే నిలబడి ఉంటుంది. పైగా పుస్తకం పేరు, ముద్రణ సంవత్సరం, పుట చీటీ మీద రాసుకోవాలట. పుట సంఖ్య ఇస్తే దారినపోయేవాడు కూడా సరిచూస్తాడు! ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే వాట్సాప్ గ్రూపులో ఎవరైనా పుట అడిగారా?

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కట్టేది మనమే. ఆ సొమ్మును తక్షణం మన ఫోన్ల రీచార్జికి మళ్లించాలని, రాతి మీద తేదీలను సున్నం కొట్టి కప్పేయాలని కలెక్టరుగారికి మనవి.