నాలుగు వేలు పెట్టి రాయిని కాపాడాను

మా బామ్మర్ది మిరపచేను నర్సంపేట దాటి నల్లబెల్లి వైపు ఉంటుంది. తారు రోడ్డు దిగాక చేను దాకా బండ్లబాటే. బాట అని మర్యాదకు అంటున్నాను గానీ, ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా మోకాలి లోతు గుంతలు పడ్డాయి, నడుమ గట్టు లేచింది. గట్టు నిండా రాళ్లు. ఈ బాట మీద దర్జాగా పోవాలనే నేను సెకండ్ హ్యాండ్‌లో పాత జీపు కొన్నాను.

మొదటిసారి పోయొచ్చేసరికే వెనక షాకబ్జరు నుంచి నూనె కారింది. మెకానిక్ బండి కింద దూరి నన్నూ రమ్మన్నాడు. పైకీ కిందికీ ఆడే కడ్డీ అద్దంలా మెరుస్తోంది. "గోరుతో గీకి చూడుండ్రి సార్" అన్నాడు. జార్చాను. ఒకచోట గోరు తట్టుకుంది. వెంట్రుక మందం గీత, అంతే.

"పైన రేకు గొట్టం ఉండాలె. ఎప్పుడో ఊడిపోయింది. రాయి సక్కగ కడ్డీకే తాకింది. గీ గీత లోపలికి పోయినప్పుడల్లా నూనెను ఆపే సీలును కోస్తది."

కొత్త షాకబ్జర్లు వేస్తూ నన్ను ఓదార్చాడు కూడా. "రామప్ప గుడి పునాదిల ఇసుక పోసిన్రు సార్. భూకంపమొస్తే ఆ ఊపును ఇసుకే మింగుతదట. షాకబ్జర్ కనిపెట్టింది మనోళ్లే." కావచ్చు. కానీ 1213 నాటి ఆ గుడికి ఇంతవరకు షాకబ్జర్ మార్చినట్టు వినలేదు. నాకు మూడు నెలలకే మార్చాల్సి వచ్చింది.

ఇక ఊరుకుంటానా? బండి బరువు మోసే కమాన్ కట్టల కింద, వాటిని ఇరుసుకు బిగించే యూ బోల్టుల కొసలు, షాకబ్జరు కింది చెవి నేలకు దగ్గరగా వేలాడుతుంటాయి. వాటికి ఇనుప గార్డు కట్టిస్తానన్నాను. మెకానిక్ మూడు మాటలు చెప్పాడు: ముందు వైపు ఏటవాలుగా వంచాలె, బోల్టు తలలు ప్లేటులోకి దాగాలె, అడుగున వేళ్లు దూరేంత రంధ్రాలు పెట్టాలె.

"రంధ్రాలుంటే బురద లోపలికి రాదా?"

"వస్తది సార్. పోతది గూడ."

నేను మొదటి సగమే విన్నాను. వెల్డింగ్ షాపులో దగ్గరుండి 5 మిల్లీమీటర్ల ప్లేటుతో, నాలుగు పక్కలా అంచులు లేపి, చీమ కూడా దూరకుండా చేయించాను. పై వైపు మాత్రం తెరిచే ఉందన్న సంగతి నాకప్పుడు తట్టలేదు. నాలుగు వేలు. మా ఆవిడ చూసి "రెండు కిలోల పప్పు ఉడుకుతది దీంట్ల" అంది. మెకానిక్ చూసి ఏమీ అనలేదు. అతను ఏమీ అనకపోవడమే నాకు అనుమానం రావాల్సింది.

మిరప ఏరే రోజుల్లో మళ్లీ బయల్దేరాం. ప్లేటు వల్ల బండి నేలకు రెండు వేళ్లు దగ్గరై, అంతకుముందు ఊరికే చూసి వదిలేసిన రాళ్లు కూడా ఇప్పుడు పలకరిస్తున్నాయి. అయినా గర్వంగానే ఉంది. ఖణేల్‌మన్నప్పుడల్లా "చూశావా, గార్డు ఆపింది" అంటున్నాను. బోరు నీళ్లు పారిన చోట బురదలోంచి ఎగిరి అవతల పడ్డాం. అప్పుడు మొదలైంది. లొడ లొడ... టక్.

మొదటి అనుమానం టిఫిన్ క్యారియర్ మీద. మా ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుంది. లొడ లొడ టక్. తర్వాత జాకీ. దాన్ని నా కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. టక్. చేను దగ్గర బామ్మర్ది చపాటా మిరపకు 2025లో వచ్చిన జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు పంటేనని చెప్పే ముద్ర) గురించి మొదలుపెట్టబోయి, చప్పుడు విని ఆగాడు. "బేరింగ్ పోయింది బావా" అన్నాడు. చేనులో కాయలు ఏరుతున్నవాళ్లు కూడా వచ్చి తలా ఒక రోగం చెప్పారు. చివరికి బామ్మర్దే కిందికి దూరి, చాలాసేపు నవ్వి, అప్పుడు మాట్లాడాడు.

"బావా, రాయి కూసున్నది."

కొబ్బరికాయంత రాయి. తొట్టిలా ఉన్న నా గార్డులో షాకబ్జరుకు ఆనుకుని, చుట్టూ బురద మెత్త వేసుకుని, హాయిగా ఉంది. వేళ్లు పెట్టి లాగితే రాదు, కిందినుంచి పొడుద్దామంటే రంధ్రం లేదు. ప్లేటు విప్పుదామని స్పానర్ పెడితే, దారి పొడుగునా రాళ్లకు రాసుకుని బోల్టు తలలు గుండ్రంగా అరిగిపోయాయి. స్పానర్ గిర్రున తిరుగుతోంది. ఒక్కో రాయి తాకినప్పుడల్లా నేను గర్వపడింది దీనికన్నమాట.

హన్మకొండ దాకా రాయితోనే వచ్చాం. మా అత్తమ్మ కూడా బండెక్కింది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా "మెల్లగ అల్లుడా, దానికి దెబ్బ తాకుతది" అంది. షాకబ్జరుకా, రాయికా అని నేను అడగలేదు.

మర్నాడు మెకానిక్ గ్రైండర్‌తో బోల్టులు కోశాడు. కొత్త షాకబ్జరుకు అరచేయంత సొట్ట. రాయి మాత్రం ఒక పక్క అరిగి నున్నగా తేలింది. పారేయబోతుంటే, వెనక సీట్లోంచి దిగనే దిగని మా అత్తమ్మ చెయ్యి చాపి తీసుకుని, తిప్పి చూసి, కొంగుతో తుడిచి సంచిలో వేసుకుంది.

ఇప్పుడు మా ఇంట్లో అల్లం, ఎల్లిగడ్డ దానితోనే నూరుతున్నారు.